ట్విస్టర్ తడబడకుండా వచ్చేస్తే అనుమానించాలి: ఒక ఉచ్చారణ కేస్ స్టడీ

కేసు

హైదరాబాద్‌లో ఐటీ కంపెనీ కస్టమర్ సపోర్ట్ ఉద్యోగిని. వయసు ముప్పై లోపు. కోస్తా జిల్లాలో పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఆ తర్వాత ఇంజినీరింగ్. ఇంగ్లిష్ చదవడానికి, రాయడానికి, మెయిళ్ళకు జవాబివ్వడానికి ఏ ఇబ్బందీ లేదు. చిక్కంతా అమెరికా కస్టమర్లతో ఫోన్‌లో మాట్లాడేటప్పుడే, అందులోనూ ఈమెయిల్ ఐడీలు, ప్రోడక్ట్ కోడ్‌లు అక్షరం అక్షరం చెప్పేటప్పుడే.

కాల్ రికార్డింగులు వింటే లోపం ఎక్కడుందో తెలిసిపోయింది. ‘ఎస్’ అనే అక్షరం ఆమె నోట ‘యెస్’ అయ్యేది. అవతలి మనిషి దాన్ని ‘అవును’ అనుకుని, తర్వాతి మాట కోసం ఆగేవాడు. అమెరికన్లు చివరి అక్షరాన్ని ‘జీ’ అంటారు కదా, ఆమె కూడా అలాగే అనేది, కానీ ఆ జీ అచ్చం ఏడో అక్షరమైన జీ లాగే ఉండేది. అంటే కోడ్‌లో ఆ రెండూ కలిసిపోయేవి. ‘పీ’ వాళ్ళ చెవికి ‘బీ’. ‘విక్టర్’లోని వి, ‘విస్కీ’లోని డబ్ల్యు రెండూ ఒకే శబ్దం. మామూలు మాటల్లో సందర్భం ఆదుకుంటుంది. కోడ్ చదివేటప్పుడు సందర్భం ఉండదు, శబ్దం ఒక్కటే దిక్కు.

అంతకుముందే ఆమె టంగ్ ట్విస్టర్లు, అంటే నోరు తిరగని వాక్యాలు, సాధన చేసి ఉంది. ‘షి సెల్స్ సీషెల్స్’ ఊపిరి తిప్పుకోకుండా చెప్పగలదు. ‘పీటర్ పైపర్’ కూడా అంతే. కాల్స్‌లో మాత్రం ఏ మార్పూ లేదు. ఈ కేసులో తేల్చాల్సిన ప్రశ్న అదే.

ఎందుకు పనిచేయలేదు

టంగ్ ట్విస్టర్‌లో నోరు ఎందుకు తడబడుతుంది? దగ్గర పోలికలున్న రెండు శబ్దాలు వెంటవెంటనే వస్తుంటే, మెదడు తర్వాతి శబ్దాన్ని సిద్ధం చేసే దశలోనే ఒకదాని చోటికి ఇంకోటి వచ్చి కూర్చుంటుంది. అమెరికాలోని ఎంఐటీలో స్టెఫనీ షటక్ హఫ్నాగెల్ బృందం 2013లో ‘ప్యాడ్ కిడ్ పోర్డ్ కర్డ్ పుల్డ్ కాడ్’ అనే అర్థం లేని వాక్యం వినిపించింది. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్ళు కూడా దాన్ని పదేపదే అనబోయి మధ్యలో ఆగిపోయేవారు. ఆ తడబాటుకు కారణం నాలుక మొద్దుబారడం కాదు, వరస తప్పడం.

వరస తప్పాలంటే ముందు రెండు శబ్దాలు ఉండాలి. మన పిల్లలు ‘ఎర్ర లారీ, తెల్ల లారీ’ దగ్గర బోల్తా పడతారు, ఎందుకంటే తెలుగులో ర వేరు, ల వేరు. రెండూ బలంగా ఉన్నాయి కాబట్టే పోటీ పడతాయి. వి, డబ్ల్యు రెండింటికీ ఒకే ‘వ’ వాడే మనిషికి వి, డబ్ల్యు ఒకదాని వెంట ఒకటి వచ్చే ‘వెరీ వెల్, వెరీ వెల్, వెరీ వెల్’ లాంటి వాక్యాల్లో పోటీ ఎక్కడుంది? ఒకే వ ఆరు సార్లు. చకచకా వచ్చేస్తుంది, ఇల్లంతా చప్పట్లు కొడుతుంది. ఆ సులువే రోగ లక్షణం.

ఈ కేసులో ‘షి సెల్స్’ వాక్యం శ, స తేడా మీద నడుస్తుంది. ఆ తేడా ఆమెకు చిన్నప్పటి నుంచీ ఉంది. ఉన్న శబ్దాలను వేగంగా తిప్పడం నేర్చుకుంది, లేని శబ్దం ఒక్కటీ రాలేదు. (తెలుగులోనే శ, ష, స కలిపేసే అలవాటున్న వాళ్ళకు మాత్రం ఈ వాక్యం నిజంగానే పనికొస్తుంది.) ‘పీటర్ పైపర్’ ఆమెకు అక్కరకు రావాల్సిందే. కానీ ప మీద ఊపిరి వదలకుండా పలికినా వాక్యం ఎక్కడా ఆగదు కాబట్టి తప్పు తప్పుగానే గట్టిపడింది.

పరీక్ష

పరీక్షకు ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. మామూలు ఫోన్‌ని నోటికి ఒక జానెడు దూరంలో, కాస్త పక్కకు పెట్టి మూడు రికార్డింగులు తీయాలి. మొదటిది, జంట పదాల జాబితా: ఇయర్ అంటే చెవి, ఇయర్ అంటే సంవత్సరం, వెస్ట్ అంటే దిక్కు, వెస్ట్ అంటే లోపల వేసుకునే బనియన్ లాంటిది, పిన్, బిన్. వీటిని కలగాపులగం చేసి చదివించాలి. రెండోది, ఒక పేరా. మూడోది, రెండు నిమిషాల సొంత మాట. వినేవాళ్ళు తెలుగు తెలియని వాళ్ళై ఉండాలి. తెలుగు చెవి దయగలది, ‘యెగ్’ అన్నా ఎగ్ అనే వింటుంది. వినేవాళ్ళ చేతికి కాగితం ఇచ్చి ‘మీకు ఏ పదం వినబడిందో రాయండి’ అనాలి. ‘బాగుందా’ అని అడిగితే అందరూ బాగుందనే అంటారు.

బయటపడినవి ఇవి. వి, డబ్ల్యు కలిసిపోవడం. పదం మొదట్లో ఎ, ఇ ముందు యకారం, ఒ, ఉ ముందు వకారం చేరడం (ఎండ ‘యెండ’, ఒళ్ళు ‘వొళ్ళు’ అయినట్టే ఎం.ఏ. ‘యెమ్మే’, ఓన్లీ ‘వోన్లీ’ అవుతాయి). జెడ్ శబ్దం బదులు జ. ప, ట, క మొదట్లో ఊపిరి లేకపోవడం. రెండు అక్షరాలు కనిపిస్తే ఒత్తి పలకడం: బట్టర్, సమ్మర్, హ్యాప్పీ. థింక్, థ్యాంక్స్‌లో మన థ.

చివరిదాన్ని కావాలనే పక్కన పెట్టాం. ట్విస్టర్ల పాఠాల్లో సగం దాని మీదే ఉంటాయి, దానికంత స్థానం దండగ. వేర్వేరు మాతృభాషల వాళ్ళు ఇంగ్లిష్‌లో మాట్లాడుకునేటప్పుడు అర్థం చెడకుండా ఏవి కాపాడాలో బ్రిటన్ భాషావేత్త జెన్నిఫర్ జెంకిన్స్ 2000లో ఒక జాబితా ప్రతిపాదించారు. అందులో థింక్ మొదటి శబ్దం లేదు. పదం మొదట్లో ప, ట, క మీద ఊపిరి మాత్రం ఉంది. ఈ కేసుకు అచ్చంగా సరిపోయిన క్రమం అది.

మొదటి రెండు వారాలు: ట్విస్టర్ ముట్టుకోకూడదు

ముందు శబ్దం పుట్టాలి.

వి శబ్దానికి పై పళ్ళ అంచు కింది పెదవి లోపలి తడి భాగాన్ని తాకాలి. కొరకకూడదు, ఆనితే చాలు. గొంతు కలిపి మూడు సెకన్లు సాగదీస్తే పెదవి మీద చక్కిలిగింత లాంటి జుమ్మనే కదలిక తెలియాలి. తెలియలేదంటే అది మన వ. తెలుగు వ పలికేటప్పుడు పెదవి పళ్ళ దగ్గరికి వెళుతుంది కానీ రాసుకోదు, గుండ్రంగానూ మారదు. అటూ ఇటూ కానిది కాబట్టే ఇంగ్లిష్ చెవికి వి కావాల్సిన చోట డబ్ల్యు లాగా, డబ్ల్యు కావాల్సిన చోట వి లాగా వినిపిస్తుంది.

డబ్ల్యు శబ్దానికి పళ్ళతో పని లేదు. ‘ఊ’ అన్నట్టు పెదవులు ముందుకు చుట్టి, అక్కడి నుంచి తర్వాతి అచ్చులోకి జారాలి: ఊ–ఎస్ట్, ఊ–ఐన్. అద్దం తప్పనిసరి. పై పళ్ళు కనిపిస్తే తప్పు. వుడ్, వుమన్ లాంటివి ఇంకా కష్టం. వాటిలో డబ్ల్యు తర్వాతి అచ్చు కూడా ఉకారమే కావడంతో మనవాళ్ళు ‘ఉడ్’, ‘ఉమన్’ అనేస్తారు. వాటిని చివరికి ఉంచాలి.

జెడ్‌కు దారి స నుంచి. ‘స్‌స్‌స్’ అని సాగదీస్తూ, నాలుక కదపకుండా గొంతు కలపాలి. గొంతు మీద వేలు పెడితే అదురు తెలుస్తుంది. కోస్తా వాళ్ళకు ఇక్కడ ఒక అనుకూలత ఉంది. జడ, జల్లెడ అన్నప్పటి జ పళ్ళ వెనకే పుడుతుంది. నాలుక అక్కడ కొట్టుకోకుండా ఆపితే దాదాపు జెడ్ వచ్చేస్తుంది. జిల్లా, జీతంలోని జ అలా కాదు, నాలుక వెనక్కి, పైకి వెళుతుంది. అందుకే జూ, జోన్ (మండలం) త్వరగా పట్టుబడతాయి, జీరో, జిప్ ఆలస్యమవుతాయి. జాబితా ఆ వరసలోనే ఇవ్వాలి. మొదటి రోజే జీరోతో మొదలుపెట్టి ‘రావడం లేదు’ అనుకునేవాళ్ళు చాలామంది.

ప, ట, క మీద ఊపిరికి టిష్యూ పేపర్ సన్నటి పట్టీ చించి పెదవుల ముందు రెండు వేళ్ళ దూరంలో పట్టుకోవాలి. పిన్ అంటే ప దగ్గర పట్టీ ఎగరాలి, బిన్ అంటే కదలకూడదు. ట, క లకు పట్టీ అంతగా ఎగరదు, అరచేయి అడ్డం పెట్టి చూసుకోవాలి. ‘ఫ లాగా అనండి’ అని మాత్రం చెప్పకూడదు. ఈ రోజుల్లో ఫ అనగానే పళ్ళు పెదవికి తగిలించే అలవాటు వచ్చేసింది, పిన్ కాస్తా ఫిన్, అంటే చేప రెక్క, అయిపోతుంది. ‘ప్’ అని ఆగి, ‘హిన్’ అని, ఆ రెండిటి మధ్య సందు తగ్గిస్తూ రావాలి.

ఇక యకారం. ‘యెస్’ కాదు ‘ఎస్’ అని వందసార్లు చెప్పినా లాభం ఉండదు, ఎందుకంటే ఆ య పలికే మనిషికి వినపడదు. దానికి ముందు ‘అన్’ చేర్చి పలికించాం: అనెస్, అనెమ్, అనెగ్. నకారం వచ్చి అచ్చుకు అతుక్కుంటే యకారానికి చోటుండదు. ఆ నకారాన్ని గట్టిగా, తర్వాత మెల్లగా, తర్వాత పెదవులు మూసి లోలోపలే, చివరికి లేకుండా. ఈ మెట్లు దిగితే శుద్ధమైన ఎకారం మిగులుతుంది. ఈ కేసులో అన్నిటికంటే త్వరగా ఫలితమిచ్చిన చిట్కా ఇదే.

మూడో వారం నుంచి ఐదో వారం దాకా: నిచ్చెన

పేరున్న ట్విస్టర్లు ఇక్కడా పెద్దగా వాడలేదు. ఆమెకు కలిసిపోతున్న రెండు శబ్దాలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చేలా చిన్న వాక్యాలు కట్టాం. వి, డబ్ల్యు కోసం: ‘విల్స్ వ్యాన్ వజ్ వెరీ వెట్’. అందులో వరస డబ్ల్యు, వి, డబ్ల్యు, వి, డబ్ల్యు. తెలుగు లిపిలో రాస్తే ఐదూ వకారాలే. అందుకే సాధన కాగితం మీద ఇంగ్లిష్ లిపి తప్ప ఇంకేమీ ఉండకూడదు, కింద తెలుగులో రాసుకుంటే ఆ లిపి పాత శబ్దాన్నే వెనక్కి పిలుస్తుంది. డబ్ల్యుల చుట్టూ సున్నా, విల కింద గీత, అంతే.

జెడ్, జ కోసం ‘జాజ్’ ఒక్క పదమే మంచి పరీక్ష: మొదట నాలుక తగలాలి, చివర తగలకూడదు. తర్వాత ‘జోయీస్ జాజ్ ఈజ్ జస్ట్ అమేజింగ్’. జోయీ అనే పేరు మొదటి శబ్దం, అమేజింగ్ మధ్యశబ్దం జెడ్. జాజ్, జస్ట్ మొదట్లో జ. యకారానికి ‘ఎయిట్ యెలో ఎగ్స్, ఎలెవెన్ యెలో యామ్స్’: యెలో, యామ్స్‌కి య ఉండాలి, మిగతావాటికి ఉండకూడదు. ఒత్తులు తగ్గించడానికి మాత్రం పాత ‘బెటీ బాటర్ బాట్ సమ్ బటర్’ను మించింది లేదు. అందులో రెండు టీలున్న మాటలే నిండా ఉన్నాయి, ఒక్కటీ ఒత్తకూడదు. ‘పీటర్ పైపర్’ కూడా టిష్యూ పట్టీతో మళ్ళీ వచ్చింది. 1813లో లండన్‌లో అచ్చయిన ఉచ్చారణ పుస్తకంలోనిదే ఆ వాక్యం, అక్షరానికొకటి చొప్పున కట్టిన వాక్యాల్లో పి వంతుది. అంటే మొదటి నుంచీ అది పిల్లలకు పలుకు దిద్దడానికే.

వేగం విషయంలో నియమం కఠినంగా పెట్టాం. ఫోన్‌లో మెట్రోనోమ్ యాప్ (లయ తప్పకుండా టిక్కుమనేది) నిమిషానికి 60 దెబ్బలకు పెట్టి, దెబ్బకొక పదం. మొదట రెండే పదాలు, విల్స్–వ్యాన్, విల్స్–వ్యాన్. పదిసార్లు తప్పు లేకుండా వస్తే మూడో పదం. వాక్యం పూర్తయ్యాక 70, 80, అలా 110 దాకా. మూడు ప్రయత్నాల్లో రెండు తప్పితే పది తగ్గించాలి, ఇంకోసారి చూద్దాం అనుకోకూడదు. ఒక్కో విడత నాలుగు నిమిషాలు, రోజుకు మూడు విడతలు. ఎక్కువసేపు చేస్తే పెదవి, నాలుక అలసి పాత దారికి పోతాయి, ఆ అలసటలో చేసిన సాధన పాత దారినే చదును చేస్తుంది. ప్రతి విడతలో మొదటిది, చివరిది రికార్డు చేసి వినాలి. పలికేటప్పుడు వినడం కుదరదు.

వాక్యాన్ని చివరి నుంచి కట్టడం మంచిది: వెట్, వెరీ వెట్, వజ్ వెరీ వెట్. మొదటి నుంచి కడితే మొదటి రెండు పదాలే వందసార్లు వస్తాయి, చివరివి ఎప్పుడూ హడావుడిగానే మిగిలిపోతాయి.

లయ గురించి ఒక మాట. తెలుగులో ప్రతి అక్షరానికీ దాని వంతు దక్కుతుంది. ఇంగ్లిష్‌లో కొన్నిటినే గట్టిగా పట్టి మిగతావాటిని మింగేస్తారు. ‘పీటర్ పైపర్ పిక్డ్ అ పెక్ అవ్ పికిల్డ్ పెపర్స్’లో ప దగ్గర మాత్రమే చేయి తట్టి, మిగతావి ఆ తట్ల మధ్య ఇరికించమన్నాం. ‘ఆఫ్’ అని నిండుగా పలికితే ఇరకదు, అప్పుడు దానంతట అదే ‘అవ్’ అవుతుంది. విడిగా పాఠం చెప్పనక్కర్లేదు.

ఎక్కడ బెడిసికొట్టింది

మూడో వారం చివర్లో అతిదిద్దుబాటు మొదలైంది. డబ్ల్యు చుట్టడం బాగా వచ్చేసరికి వెరీ, ఇన్‌వాయిస్, సర్వీస్ అన్నిటికీ పెదవులు చుట్టుకోసాగాయి. ఇది రావాల్సిందే, రాకపోతే కొత్త శబ్దం ఇంకా కదలలేదని అర్థం. కానీ ఆపకపోతే స్థిరపడుతుంది. రెండు రోజులు వి ఒక్కటే ఉన్న పదాలు, తర్వాత రెండు రోజులు డబ్ల్యు ఒక్కటే ఉన్నవి చేసి మళ్ళీ కలిపాం. యకారంలోనూ ఇదే తంతు: ఎస్ బాగుపడింది, కానీ ఇయర్ (సంవత్సరం), యీస్ట్ మొదట్లో ఉండాల్సిన య ఊడిపోయి చెవి, తూర్పు అయ్యాయి. ఎలెవెన్ యెలో వాక్యం ఉన్నది ఇందుకే, దాన్ని ఒక వారం ముందే మొదలుపెట్టి ఉంటే బాగుండేది.

ఊపిరి కూడా హద్దు దాటింది. స తర్వాత వచ్చే ప, ట, క మీద ఇంగ్లిష్‌లో ఊపిరి ఉండదు. స్పీక్, స్టాప్, స్కూల్ మన ప, ట, క తోనే సరిపోతాయి. ఆమె ‘స్ప్‌హీక్’ అనసాగింది. పిన్–స్పిన్, టాప్–స్టాప్, కూల్–స్కూల్ జంటలకు టిష్యూ పట్టీ మళ్ళీ పట్టుకుంటే ఒక్క పూటలో దారికొచ్చింది. చూపు చెప్పినంత త్వరగా చెవి చెప్పదు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసింది బయటి నుంచి వచ్చిన ఒక ట్విస్టర్: ‘ద సిక్స్త్ సిక్ షేక్స్ సిక్స్త్ షీప్స్ సిక్’. సహోద్యోగులు పందెం వేశారు. ఇంగ్లిష్‌వాళ్ళకే నోరు తిరగని వాక్యమది. దాని దెబ్బకు సిక్స్త్ చివర నాలుక పళ్ళ మధ్యకు వచ్చే అలవాటు స లోకి పాకి, సిక్, సెండ్ మాటలు కూడా నత్తిగా రాసాగాయి. ఆ వాక్యాన్ని మానిపించి, పది రోజులు థ జోలికే పోలేదు. కష్టమైన ట్విస్టర్ మంచి ట్విస్టర్ అనే భ్రమ పోవాలి. కావాల్సిన ఒక్క తేడాను కదిపేదే మంచిది, మిగతాదంతా సర్కస్.

నత్తి, మాట తట్టుకోవడం చిన్నప్పటి నుంచీ ఉన్నవాళ్ళకు ఈ నిచ్చెన పెట్టకూడదు. వేగం పెంచే సాధన వాళ్ళ ఇబ్బందిని పెంచొచ్చు. వాళ్ళు స్పీచ్ థెరపిస్ట్ దగ్గరికి వెళ్ళాలి.

ఆరో వారం నుంచి: కాల్‌లోకి దింపడం

సాధనలో 110 వేగంతో వచ్చిన శబ్దం, కాల్‌లో కస్టమర్ గొంతు పెంచగానే మాయమైపోయింది. ట్విస్టర్‌లో ధ్యాసంతా శబ్దం మీదే ఉంటుంది, కాల్‌లో విషయం మీద ఉంటుంది. ఆ రెండిటి మధ్య వంతెన కట్టకపోతే ట్విస్టర్ ట్విస్టర్‌గానే మిగిలిపోతుంది.

మొదటి మెట్టు, ఆఫీసు వాక్యాలనే ట్విస్టర్లుగా వాడడం. ‘వియ్‌వ్ రివ్యూడ్ ద ప్రీవియస్ వర్షన్’లో మొదట డబ్ల్యు, తర్వాత అన్నీ వి. రోజూ నోట్లో నలిగే వాక్యం కాబట్టి సాధన వృథా కాదు. రెండో మెట్టు, కోడ్‌లు. ఎస్, ఎమ్, ఎన్, జీ, జెడ్, పీ, బీ, వీ అక్షరాలు కలిపి ఆరేసి అక్షరాల కోడ్‌లు రాసి, ఫోన్‌లో తెలుగు రాని సహోద్యోగికి చదవాలి. ఆయన రాసుకున్నది సరిపోల్చాలి. దిద్దడం మనం చేయకూడదు, తప్పు రాసిన కాగితమే దిద్దుతుంది. మూడో మెట్టు, ధ్యాస మళ్ళించడం: వి తో మొదలయ్యే ఐదు కూరగాయలో వస్తువులో ఆలోచించి చెప్పడం, ఒక ఫిర్యాదును సొంత మాటల్లో వివరించడం. ఇక్కడ తప్పులు పెరుగుతాయి. పెరిగితే వేగం తగ్గించి చెప్పాలి, ట్విస్టర్‌కు వెనక్కి వెళ్ళనక్కర్లేదు.

ఎనిమిదో వారం చివర

మొదటి మూడు రికార్డింగులే మళ్ళీ తీసి, తెలుగు తెలియని వాళ్ళకే వినిపించాం. ఎస్ ఎస్‌గానే రాశారు. పీ, బీ విడిపోయాయి. జంట పదాల జాబితాలో వి, డబ్ల్యు దాదాపు అన్నీ సరిగ్గా రాశారు. సొంత మాటలో మాత్రం వి నిలబడింది, డబ్ల్యు మధ్యమధ్యలో జారింది, ముఖ్యంగా వుడ్, వుమన్ రకం పదాల్లో. జెడ్ పదం మొదట్లో వచ్చింది కానీ పదం చివర రాలేదు: కాల్స్, యూజర్స్, ఇష్యూస్ అన్నీ స తోనే. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో అక్కడ ఎస్ కనిపిస్తుంది కాబట్టి కన్ను నాలుకను లాగేస్తుంది. థ అలాగే ఉంది, దాని వల్ల ఏ కాల్‌లోనూ ఏ ఇబ్బందీ రాలేదు.

థర్టీన్–థర్టీ, ఫిఫ్టీన్–ఫిఫ్టీ తారుమారు కావడం మిగిలింది. దానికి ట్విస్టర్ మందు కాదు. ఆ తేడా ఏ అక్షరం మీద ఊనిక వేయాలన్న దానిలో ఉంది. ‘టీన్’ను సాగదీసి గట్టిగా పలకడం, ‘థర్’ మీద బరువు వేసి ‘టీ’ని చిన్నగా వదిలేయడం, వీటికి వేరే సాధన. అంకెలు చెప్పేటప్పుడు ‘వన్ త్రీ’, ‘త్రీ జీరో’ అని విడివిడిగా చదవడం తాత్కాలికంగా పెట్టాం.

ఇప్పుడు నడుస్తున్న మోతాదు: షిఫ్ట్ మొదలయ్యే ముందు ఒక్క విడత, నాలుగు నిమిషాలు, విల్స్ వ్యాన్ వాక్యం 80 వేగంతో, దాని వెంటే రెండు కోడ్‌లు. జెడ్ చివర్లో వచ్చే మాటలకు ‘యూజర్స్ ఇష్యూస్, ఇష్యూస్ యూజర్స్’ రెండు పదాల మెట్టు నుంచి, 60 దగ్గర మళ్ళీ మొదలైంది.